నాలుగడుగుల నేల

కిరియామా విశ్వవిద్యాలయం బేస్‌బాల్ జట్టు రాబోయే వసంతకాలపు పోటీలకు తొంభై శాతం సిద్ధమైందని కోచ్ ఒనుమా గారు మార్చి మొదటి వారంలో ప్రకటించారు. మిగిలిన పది శాతం ఆట. దాని గురించి ఎవరూ కంగారు పడనవసరం లేదని, అది ఎలాగూ పోటీ రోజున జరిగేదేనని ఆయన స్పష్టం చేశారు.

జట్టు చరిత్ర ఘనమైనది. మూడో శ్రేణి లీగ్‌లో ఆరేళ్లుగా తన స్థానాన్ని ఎవరికీ వదులుకోకుండా కాపాడుకుంటోంది. నాలుగో శ్రేణి అంటూ ఒకటి లేకపోవడం ఇందుకు కొంత తోడ్పడింది. గత రెండేళ్లలో ఒక్క పరుగు కూడా చేయలేదు. కానీ క్రమశిక్షణ బహుమతి మాత్రం ఆరేళ్లూ వరసగా ఈ జట్టుదే. ఆ బహుమతిని పెట్టించిందీ, విజేతను ఎంపిక చేసే సంఘానికి అధ్యక్షుడూ ఒనుమా గారే కావడం వల్ల ఎంపికలో పొరపాట్లకు తావు లేకపోయింది.

సన్నాహాలు నమస్కారంతో మొదలవుతాయి. మైదానం గేటు దగ్గర టోపీ తీసి, ఖాళీ మైదానానికి నడుము వంచి నమస్కరించాలి. వంపు ఎంత ఉండాలో లెక్క ఉంది. కొలవడానికి గణితం చదివే ఒక రెండో ఏడాది కుర్రాడు కోణమానినితో పక్కనే నిలబడతాడు. ఆ దారిన ఎవరు వెళ్లినా జట్టులోని నూట పద్దెనిమిది మందీ ఒక్క గొంతుతో పలకరించాలని ఇంకో నియమం. జనవరిలో పోస్ట్‌మాన్ తన దారి మార్చుకున్నాడు. ఫిబ్రవరిలో పక్క వీధి ముసలావిడ తన కుక్కను కొండ అవతలికి షికారు తీసుకెళ్లడం మొదలుపెట్టింది. పలకరింపుల్లో జట్టు సాధించిన ప్రగతికి ఇవి తార్కాణాలని ఒనుమా గారు తన నెలవారీ నివేదికలో రాసుకున్నారు.

అన్నిటికన్నా గొప్పది నేల. రోజూ మూడు గంటలు, తూనీగలని పిలుచుకునే పొడుగాటి చెక్క పరికరాలు లాగుతూ ఆటగాళ్లు మట్టిని చదును చేస్తారు. వాన పడితే స్పాంజీలతో నీళ్లు పీల్చి బకెట్లలో పిండుతారు. ఏళ్ల తరబడి ఇలా చేయగా చేయగా ఆ నేల అద్దంలా తయారైంది. అంత చక్కటి నేల మీద బంతి పడితే మచ్చ పడుతుందన్న సంగతి ఒకనాటి సాయంత్రం ఒనుమా గారి దృష్టికి వచ్చింది. మర్నాటి నుంచి సాధనలో బంతిని తీసేశారు.

బంతి లేకుండానే సాధన మరింత శ్రద్ధగా సాగింది. లేని బంతిని విసిరేవాడు విసిరాడు, కొట్టేవాడు కొట్టాడు, పట్టేవాడు పట్టాడు. సాయంత్రం ఆత్మవిమర్శ సమావేశంలో ఒక మొదటి ఏడాది కుర్రాడు లేచి, ఈరోజు తాను మూడు బంతులు జారవిడిచానని ఒప్పుకుని ఏడ్చాడు. అతడి నిజాయితీకి అందరూ చలించిపోయి, ఆ మూడు బంతులకూ కలిసి క్షమాపణ చెప్పుకున్నారు.

ఈ సన్నాహాలన్నిటిలోనూ వంక పెట్టడానికి వీల్లేని ఆటగాడు హివతారి రియోహే. నాలుగో ఏడాదిలో అడుగు పెట్టబోతున్న హివతారి మైదానం పెద్ద. నేల బాధ్యతంతా అతడిదే. ఆ పదవి వెనక ఒక కథ ఉంది. మొదటి ఏడాది, ఇంకా బంతితోనే ఆడుకునే అనాగరిక కాలంలో, అతడు మూడో బేస్ నుంచి, తొక్కితే పరుగు పూర్తయ్యే హోమ్‌కు పరుగెత్తి, జారుకుంటూ వచ్చి చేరాడు. నేలలో జానెడు గుంట పడింది.

ఒనుమా గారు ఆ గుంట పక్కన చాలాసేపు నిలబడ్డారు.

"ఎవడు చేసిన గుంట వాడే పూడ్చాలిరా హివతారీ. గుంట వదిలేసి పోయేవాడు మనిషే కాదు. విన్నావా?"

"విన్నాను సార్."

హివతారి ఆ గుంటను నెల రోజులు పూడ్చాడు. రోజూ పూడ్చడం, రోజూ ఆయన వచ్చి చూసి పెదవి విరవడం. ముప్పై ఒకటో రోజున ఆయన తల ఊపి అతణ్ణి మైదానం పెద్దగా నియమించారు. నేలను వదిలితే నేల పాడవుతుంది కనుక, అప్పటినుంచి అతణ్ణి ఏ పోటీకీ తీసుకెళ్లలేదు.

హివతారికి ఆశ లేకపోలేదు. ఒక్కటే ఆశ: వీపు మీద అంకెతో ఒక్కసారి బ్యాట్ పట్టుకుని నిలబడాలి, అది వాళ్ల నాన్న చూడాలి. నాన్నది చిచిబులో మంగలి షాపు. మూడేళ్లుగా ఫోన్ చేసినప్పుడల్లా ఆయన ఒకే ప్రశ్న అడుగుతున్నాడు, "ఎప్పుడు కొడతావురా?" అని. ఆ ఆశతోనే హివతారి వారానికి రెండు సాయంత్రాలు బస్‌స్టాండ్ వెనక నూడుల్స్ షాపు పక్కనున్న యంత్రం దగ్గరికి వెళ్లి, అది విసిరే నిజం బంతులను దొంగచాటుగా కొట్టి వచ్చేవాడు. ఈ దురలవాటు సంగతి ఒక్క కయానోకే తెలుసు. కయానో జట్టు లెక్కలూ పత్రాలూ చూసుకునే రెండో ఏడాది విద్యార్థిని. నోరు కాస్త దురుసు.

"అన్నా, మళ్లీ బంతి కొట్టొచ్చావా? చేతులు చూస్తేనే తెలుస్తోంది. సార్‌కి తెలిస్తే నిన్ను కూడా చదును చేయించేస్తారు."

"చెప్పకు కయానో."

"నేనెందుకు చెప్తా. ఈ జట్టులో బంతి ఎలా ఉంటుందో గుర్తున్నవాడివి నువ్వొక్కడివే."

మార్చి నెలాఖరున అంకెల ప్రదానం జరిగింది. నూట పద్దెనిమిది మందిలో ఇరవై ఐదుగురికే అంకెలు. అంకె రానివాళ్లు మైదానం బయట మెట్ల మీద నిలబడి అరవాలి, నాలుగేళ్లూ. ఒనుమా గారు ఒక్కొక్క పేరే పిలిచి, గుడ్డ మీద కుట్టిన అంకెను రెండు చేతులా అందించారు. ఇరవై నాలుగు అయ్యాయి. హివతారి ఎప్పటిలాగే నేల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఇరవై ఐదు, హివతారి."

అతడు ముందుకు వెళ్లి రెండు చేతులా అందుకున్నాడు. ఒనుమా గారు కారణం కూడా ప్రకటించారు. అంకె లేనివాడు పోటీ మధ్యలో మైదానంలోకి రాకూడదని లీగ్ నియమం. ఐదో ఇన్నింగ్స్ తర్వాత నేల చదును చేసే విరామంలో ఎదుటివాళ్లు ఎలా చదును చేస్తున్నారో చూస్తూ కూర్చోవడం కిరియామా గౌరవానికి భంగం. అందుకని ఒక అంకెను నేల కోసం కేటాయించడమైనది.

కారణం ఏదైనా అంకె అంకే. ఆ రాత్రి హివతారి దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకున్నాడు. నాన్నకు ఫోన్‌లో కారణం చెప్పలేదు. ఆయన ఇరవై ఆరేళ్లలో మొదటిసారి ఒక శనివారం పూట షాపు మూసి, తలుపు మీద "కొడుకు ఆట" అని కాగితం అంటించి బయలుదేరాడు.

మొదటి పోటీ నదికి అవతలి ఒడ్డున, వ్యవసాయ కళాశాల వారి మైదానంలో. కిరియామా ఆటగాళ్ల సంచులు దారం పట్టి గీసినట్టు వరసగా పెట్టారు. నమస్కారానికి మెట్ల మీదున్న పెద్దలు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఆట కూడా జరిగింది. చాలా రోజుల తర్వాత బంతిని చూసిన మనవాళ్లు దాని వేగానికి ముక్కున వేలేసుకున్నారు. ఎనిమిది ఇన్నింగ్స్ అయ్యేసరికి ఏడు పరుగులకు సున్నా. అంతకు ముందే, ఐదో ఇన్నింగ్స్ తర్వాత, హివతారి తూనీగ పట్టుకుని చేసిన చదును చూసి వ్యవసాయ విద్యార్థులు నోరెళ్లబెట్టారు. ఒనుమా గారు తృప్తిగా బార్లీ టీ తాగారు.

చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్, ఇద్దరు అవుట్; ఇంకొక్కడు అవుటైతే ఆట అయిపోయినట్టే. చివరివాడు బ్యాట్ తీసుకుని వెళ్లి అంపైర్‌కు, హోమ్ దగ్గర బంతి పట్టే క్యాచర్‌కు, నేలకు నమస్కరించాడు. నేలకు వంగినవాడు లేవలేదు. నడుము పట్టేసింది. ఉదయం నుంచి అది పదిహేడో నమస్కారం. మిగతా అదనపు ఆటగాళ్లు అరిచి అరిచి గొంతు పోయి, పేరు అడిగితే చెప్పలేని స్థితిలో ఉన్నారు. పేరు చెప్పలేనివాణ్ణి అంపైర్ రానివ్వడు.

"సార్, ఇరవై ఐదు ఉన్నాడు కదా," అంది కయానో, కాగితాల్లోంచి తల ఎత్తకుండా.

"వాడు నేల కోసం."

"నేల పని అయిపోయింది సార్. ఇప్పుడు ఖాళీగానే ఉన్నాడు."

అలా హివతారి బ్యాట్ పట్టాడు. ముందు తనకన్నా ముందువాళ్లు తవ్విన కాలి గుంటలను బూటుతో సర్దాడు. అంపైర్ ఓపికగా ఆగాడు. హివతారి మొదటి బంతిని వదిలేశాడు. రెండో బంతి నూడుల్స్ షాపు పక్కనున్న యంత్రం విసిరినట్టే వచ్చింది. కొట్టాడు.

చప్పుడుకు కిరియామా జట్టు ఉలిక్కిపడింది. అలాంటి చప్పుడు తమ వైపు నుంచి రావడం వాళ్లు ఎరగరు. బంతి కుడి వైపు ఇద్దరి మధ్యలోంచి దూసుకుపోయి కంచె దాకా దొర్లింది. హివతారి మొదటి బేస్ దాటాడు, రెండోది దాటాడు. మెట్ల మీద అరిచేవాళ్లు ఏం అరవాలో తెలియక ఆగిపోయారు, పరుగు వస్తున్నప్పుడు అరవాల్సినది వాళ్లకు ఎవరూ నేర్పలేదు. ఆ నిశ్శబ్దంలో ఒక్క గొంతు మాత్రం వినిపించింది.

"పరుగెత్తరా రియో! పరుగెత్తు!"

చిచిబు మంగలి లేచి నిలబడ్డాడు. హివతారి మూడో బేస్ కూడా దాటాడు. బంతి ఇంకా ఎక్కడో దూరంగా ఉంది. హోమ్‌కు నాలుగడుగుల దూరం ఉందనగా బూటు జారింది. మోకాళ్ల మీద పడ్డాడు. వెంటనే లేచాడు. ఏమీ కాలేదు.

వెనక్కి చూశాడు. నేలలో జానెడు గుంట.

తర్వాత జరిగింది హివతారి చేశాడని అనడం కష్టం. అతడి చేతులు చేశాయి. కిందికి వంగి, రెండు చేతులా మట్టి పోగు చేసి, గుంటలో నింపి, అరచేతితో తట్టడం మొదలుపెట్టాడు. బంతి ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారుతూ క్యాచర్‌ను చేరింది. క్యాచర్ రెండో ఏడాది కుర్రాడు, మర్యాదస్తుల బిడ్డ. బంతితో తాకితే అవుట్. కానీ నేల సర్దుతున్న పెద్దవాణ్ణి మధ్యలో తాకడమెలా? పక్కన నిలబడి కాసేపు చూశాడు.

"అయిందా అన్నా?"

"ఇంకొంచెం ఉంది."

"పర్లేదు, నిదానంగా కానివ్వండి. ఆ అంచు దగ్గర కాస్త ఎత్తుగా ఉంది చూడండి."

"అవును కదా. థాంక్స్."

అంచు కూడా సర్దాక క్యాచర్ టోపీ తీసి, "ఏమీ అనుకోకండి," అని బంతిని మెల్లగా భుజానికి ఆనించాడు. అంపైర్ చెయ్యెత్తాడు. ఏడు, సున్నా.

మైదానమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. వ్యవసాయ కళాశాల కోచ్ వచ్చి హివతారి ముందు నడుము వంచాడు. ఒనుమా గారు కళ్లు తుడుచుకుని జట్టును ఉద్దేశించి ప్రసంగించారు.

"పరుగు ఎవడైనా తీస్తాడు. పరుగు ఈరోజు ఉంటుంది, రేపు మర్చిపోతారు. ఇంటి గుమ్మం కనిపిస్తున్నా వెనక్కి తిరిగి తన గుంట పూడ్చినవాడు మన హివతారి. ముప్పై ఏళ్లుగా నేను చెబుతున్న బేస్‌బాల్ ఇదే. ఈరోజు కళ్లారా చూశాను. ఇక నేను పోయినా బాధ లేదు."

పోయే ఉద్దేశం మాత్రం ఆయనకు ఉన్నట్టు లేదు. మర్నాటి స్థానిక పత్రిక హివతారి వంగి ఉన్న ఫోటోను ప్రచురించింది. గెలిచిన జట్టు పేరు స్థలాభావం వల్ల వేయలేదు. ఆ రోజు మెట్ల మీద కూర్చుని ఆట చూసిన ఒక పెద్ద కంపెనీ ఉద్యోగ నియామక అధికారి అక్కడికక్కడే తన కార్డు ఇచ్చి, ఇలాంటి యువకుడి కోసమే తమ సంస్థ ఎదురుచూస్తోందన్నాడు. బంతి అంత దూరం ఎలా వెళ్లిందని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆట రోజు సాయంత్రం చిచిబు రైలు రావడానికి పది నిమిషాలుంది. ప్లాట్‌ఫాం బెంచీ మీద తండ్రీ కొడుకులు అన్నం ముద్దలు చెరొకటి తిన్నారు.

"ఎన్ని అడుగులుందిరా?" అన్నాడు తండ్రి.

"నాలుగు."

"బంతి రాలేదుగా అప్పటికి."

"రాలేదు నాన్నా."

"మరి?"

"గుంట పడింది."

తండ్రి ముద్ద చుట్టిన కాగితాన్ని చిన్నగా మడత పెట్టాడు. "నువ్వు కొట్టావు చూడు, ఆ దెబ్బకు నా ఒళ్లు జలదరించింది. ఆ నాలుగడుగులు కూడా చూసుంటే ఇంక ఈ జన్మకి చాలనుకున్నాన్రా." కొడుకు తల నిమిరి చూశాడు. "జుట్టు పెరిగింది. సోమవారం షాపుకి సెలవేగా, రా, తీసేస్తాను." రైలొస్తే ఎక్కేశాడు. హివతారికి ఏడుపొచ్చింది. అది సంతోషంతో వచ్చిన ఏడుపని చుట్టుపక్కలవాళ్లు అర్థం చేసుకున్నారు.

ఉద్యోగం ఖాయమైంది. ఇంటర్వ్యూలో నాలుగేళ్లలో ఏం సాధించావని అడిగారు. "ఒక బంతిని కంచె దాకా కొట్టాను," అని మొదలుపెట్టేసరికి ముగ్గురు అధికారులూ కాగితాల్లోకి చూసుకున్నారు. "తర్వాత గుంట పూడ్చాను," అనేసరికి ముగ్గురూ కలాలు అందుకున్నారు. హివతారి తెలివైనవాడు. రెండో ఇంటర్వ్యూలో బంతి ఊసెత్తలేదు.

ఏడాది తిరిగింది. కిరియామా జట్టు సన్నాహాల్లో ఒక కొత్త అంశం చేరింది. ఒక్కొక్క ఆటగాడే మూడో బేస్ నుంచి పరుగెత్తి, హోమ్‌కు నాలుగడుగుల దూరంలో పడి, లేచి, గుంట పూడ్చాలి. ఈ సాధన కోసం నేలలో గుంటలు చేయడానికి ఒనుమా గారు ప్రత్యేకంగా అనుమతించారు. ప్రారంభోత్సవానికి ముఖ్య అతిథిగా హివతారిని పిలిచారు. ఏప్రిల్ ఒకటిన ఉద్యోగంలో చేరాల్సిన హివతారి కొత్త సూటుతో, మెడకు టైతో వచ్చాడు. కోటు విప్పి కయానో చేతికిచ్చి, పరుగెత్తి, సరిగ్గా ఆ చోటే పడ్డాడు.

లేచి నిలబడ్డాడు. ఎదురుగా హోమ్, నాలుగడుగులు. మైదానంలో బంతి లేదు. క్యాచర్ లేడు. అంపైర్ లేడు.

"అన్నా," అంది కయానో మెల్లగా, "ఇప్పుడు నిన్ను అవుట్ చేసేవాడు ఎవడూ లేడు. వెళ్లి తొక్కి రా. నేను రాసుకుంటా, ఒక పరుగని."

హివతారి హోమ్ వైపు చూశాడు. చుట్టూ ఈ ఏడాది జట్టులోని నూట ఇరవై ఒక్క గుండు తలలు, ఎండకు మెరుస్తూ, అతడి చేతుల వైపే చూస్తున్నాయి. అతడు టై భుజం మీదికి వేసుకుని కిందికి వంగాడు. చాలా చక్కగా పూడ్చాడు. ఈసారి అంచు దగ్గర కూడా ఎత్తు లేదు. జట్టు వంద శాతం సిద్ధమైందని ఒనుమా గారు ప్రకటించారు.

ఇంతదాకా చదివి నవ్వుకున్న పాఠకులకు ఒక మనవి. లేచే ముందు ఒకసారి మీ వెనక నేల చూసుకోండి. గుంటలూ గీతలూ కనిపిస్తే ఎక్కడికో పరుగెత్తినవారే. నున్నగా ఉంటే కంగారు పడకండి, మీకు ఉద్యోగానికి ఢోకా లేదు.