డాట్ తొడుక్కున్న మేజోడు

మంగళవారం పొద్దున్నే టీ తాగి గులాబీ కొమ్మలు కత్తిరిద్దామనుకున్నాడు మెర్విన్ ట్రాంటర్. వరండాలో పంజరం కింద ఈకల కుప్ప చూడగానే ఆ పని కాస్తా అటకెక్కింది. గలా జాతి చిలుక డాట్ మళ్లీ తన రొమ్ము తనే పీక్కుంది. గులాబీరంగు ఉండాల్సిన చోట బోసి చర్మం కనిపిస్తోంది.

"జబ్బేం లేదండీ," అంది పశువుల డాక్టరమ్మ. "గలాలు గుంపులో బతికేవి. మీ కొట్టు నడిచినన్నాళ్లూ ఇది ఊరందరితో కబుర్లాడింది. కొట్టు మూసేశారు, దానికి పొద్దుపోవట్లేదు. నలుగురు మనుషుల్ని చూపించండి. ఈలోగా ముక్కు తగలకుండా ఒంటికేదైనా తొడగండి. చర్మం కొరుక్కోవడం మొదలెడితే మాత్రం నేనూ ఏం చెయ్యలేను."

డాట్ లేని ఇంట్లో ఉండటం మెర్విన్ వల్ల కాదు.

అతని భార్య ఐలీన్, ఉతికిన బట్టల్లో చేతికందిన మందపాటి మేజోడు కత్తిరించి, రెక్కలకు బెజ్జాలు పెట్టి, చిలుకకు తొడిగింది. అది అల్లుడు మరిచిపోయి వెళ్లిన ఆటమేజోడు. పసుపు నలుపు చారలది. అంటే పక్కూరి జట్టుది. శనివారం ఫుట్‌బాల్ ఫైనల్ ఆ జట్టుతోనే. మెర్విన్ ఒకప్పుడు సొంతూరి జట్టుకు కెప్టెన్.

ఇంటి కోళ్ల గుడ్ల కోసం వచ్చిన ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు ప్రెసిడెంటు డగ్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఒరేయ్ మెర్వ్, ఇదేం పొయ్యేకాలంరా నీకు?"

"మందురా డగ్! దాని ఒంటికి మందు!"

"దానికి మందు, మాకు విషం!"

సాయంత్రానికి ఊరంతా పాకింది. తిట్టేవాళ్లు, బతిమాలేవాళ్లు, సొంతూరి జట్టు రంగులైన ఎర్ర తెల్ల మఫ్లర్లు పట్టుకొచ్చేవాళ్లు వరసకట్టారు. "సిగ్గులేదుటే నీకు?" అని పంజరాన్నే నిలదీసింది ఎదురింటి లోర్నా. డాట్ తలమీది కుచ్చు విప్పి గంతులేసింది. మెర్విన్ మాత్రం తలెత్తుకోలేకపోయాడు.

"సిగ్గుపడితే పడ్డావు గానీ, ఇలా చూడవయ్యా," అంది ఐలీన్ మర్నాడు. "నిన్నట్నుంచి ఒక్క ఈకా రాలలేదు."

గురువారం డగ్ తనే ఎర్ర తెల్ల మేజోడు తెచ్చి చిలుకకు మార్చి, మెర్విన్‌ను కావలించుకుని క్షమించేశాడు. ఇక ఎవరూ గడప తొక్కలేదు. శుక్రవారం డాట్ ఆ కొత్త మేజోడు చింపి పోగులు పెట్టింది. పంజరం అడుగున మళ్లీ పీకేసిన గులాబీరంగు ఈకలు.

మెర్విన్ వంగి వాటిని దోసిట్లోకి ఏరుకున్నాడు. తర్వాత లేచి అల్లుడికి ఫోన్ చేశాడు.

శనివారం పొద్దున్న జనమంతా మైదానానికి వెళ్లే దారివైపు, తన ఇంటి ముందు, పంజరం పక్కన కుర్చీ వేసుకుని, అల్లుడి పసుపు నలుపు జెర్సీలో నిమ్మళంగా కూర్చున్నాడు.

కెప్టెన్‌గా ఉన్న రోజుల్లో కూడా అతని ఇంటికి ఆ పూట తిట్టడానికి వచ్చినంతమంది రాలేదు.