ఐసుపెట్టెలో కంప్యూటర్

ఏడింటికల్లా చేపల పెట్టెలు ఎర్రన్న ఆటోకెక్కించి పాతపట్నం పంపెయ్యాలి. ఎనిమిదింటికి కూతురు దేవిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, పక్కనే తానూ కుర్చీ వేసుకుని, ఇంజనీరింగ్ సీటుకి ఆప్షన్లు పెట్టించెయ్యాలి. అరసవల్లి గంగులు ఆ పొద్దున వేసుకున్న పథకం ఇంతే. గడువు మధ్యాహ్నం పన్నెండు. మొదటి ఆప్షన్ శ్రీకాకుళం కాలేజీ. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి పిల్ల ఇంట్లో ఉంటుంది. విశాఖపట్నం, హాస్టలు అన్న మాటలు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు.

ఎర్రన్న రాలేదు. ఎప్పుడో సెకండ్ హ్యాండులో కొన్న ఆ పాత కంప్యూటర్ అలవాటుగా పావుగంట నడిచి, గుయ్యిమని వేడెక్కి, టప్పున ఆగిపోయింది. మళ్లీ వేస్తే పది నిమిషాలు. మళ్లీ వేస్తే అయిదు. టేబుల్ ఫ్యాను తెచ్చి పెడితే మూడు.

"నెట్ సెంటర్‌కి ఎల్తాను నాన్నా," అంది దేవి.

"పరాయోడి కంప్యూటర్లో మన పాస్‌వర్డు కొడతావేటి? నానుండగా నీకా కర్మేటి?" గంగులు కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. "ఏడెక్కింది, అంతే కదా! ముప్పై ఏళ్లుగా సేపల్ని సల్లగా ఉంచినోడిని. దీన్ని సల్లార్సలేనేటి?"

భార్య తవిటమ్మ నెత్తి కొట్టుకుంటున్నా వినకుండా వైర్లన్నీ పీకి, సీపీయూని పాలిథిన్ సంచిలో చుట్టి, థర్మాకోల్ పెట్టెలో ఐసు మీద పడుకోబెట్టి మూతేశాడు. అరగంట చల్లబడితే మధ్యాహ్నం దాకా ఢోకా ఉండదని అతని నమ్మకం. పెట్టెని వరండాలో చేపల పెట్టెల పక్కనే పెట్టి స్నానానికి వెళ్లాడు.

అప్పుడు తగలడ్డాడు ఎర్రన్న. ఆలస్యమైపోయిందన్న కంగారులో వరండాలో ఉన్న పెట్టెలన్నీ ఆటోలో కుక్కి, ఎవరినీ పిలవకుండానే ఉడాయించాడు.

తువ్వాలు చుట్టుకుని వచ్చిన గంగులుకి ఖాళీ వరండా కనిపించింది. "ఒలమ్మో! నా బిడ్డ సీటు సేపల్లో కలిసి ఎలిపోనాదే!" అని గావుకేక పెట్టాడు. ఎర్రన్న ఫోన్ ఎత్తడు. ఆటోలో పాటల మోత అలాంటిది. గంగులు చొక్కా తిరగేసి తొడుక్కుని బండి తీశాడు.

దారిలో కనిపించిన ప్రతి ఆటో ఎర్రన్నదే అనిపించింది. ఒకటి ఆపించి చూస్తే టమాటాలు. ఇంకోటి ఆపిస్తే పెళ్లివాళ్లు, వాళ్లు తిట్టిన తిట్లు ఇక్కడ రాయకూడదు. పాతపట్నం బజారు చేరేసరికి పదకొండున్నర.

అప్పటికే చేపలమ్మే గురమ్మ పెట్టె మూత తీసి, సంచి విప్పి, సీపీయూని ఒళ్లో పెట్టుకుంది. బేరానికొచ్చిన చేపని చూసినట్టే అటూ ఇటూ తిప్పి, పక్కనున్న చిల్లుల్లో వేలు పెట్టి చూస్తోంది.

"ఏటి బావా ఇది? మొప్పల నిండా బూజే! మొప్పలు మూసుకుపోతే ఏ సేపైనా ఊపిరాడక సస్తాది కదేటి?"

గంగులుకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. బుద్ధెరిగాక మొప్పలు చూడకుండా ఒక్క చేప కొన్నవాడు కాదు. దీన్ని మాత్రం పైమెరుగు చూసి కొనేశాడు. పక్క సెల్‌ఫోన్ దుకాణం ఉమాశంకర్ మూత విప్పి, గుప్పెడు దుమ్ము తీసి, బ్రష్షుతో దులిపి, పొడిగుడ్డతో తుడిచి, తన మానిటర్‌కి తగిలించాడు. కంప్యూటర్ నడిచింది. పది నిమిషాలైనా ఆగలేదు!

గంగులు ఆత్రంగా ఫోన్ చేశాడు. "దేవీ, బాగైపోనాది! పాస్‌వర్డు సెప్పు, నానిక్కడ కొట్టించేస్తాను!"

"పరాయోడి దుకాణంలోనా నాన్నా?" దేవి గొంతు తగ్గించింది. "నువ్వు బండెక్కగానే నెట్ సెంటర్‌కి ఎలిపోనాను. పెట్టేసినాను."

"మొదటిదేటి పెట్టినావు?"

"విశాఖపట్నం. నువ్వు పక్కనుంటే పెట్టలేను నాన్నా."

గంగులు స్టూలు మీద కూలబడ్డాడు. పన్నెండుకింకా ఎనిమిది నిమిషాలున్నాయి. మార్చమని ఒక్క మాటంటే మార్చేస్తుంది, పిల్ల అలాంటిది. కోపం రావాల్సిన చోట ఏడుపొస్తోంది.

"హాస్టల్లో సేపలొండుతారో లేదో కనుక్కున్నావేటి?" అన్నాడు చివరికి.

ఉమాశంకర్ భోజనానికి లేచాడు. "దుకాణం కట్టేస్తన్నాను మావా. దాన్ని ఆపీ."

గంగులు కంప్యూటర్‌కేసి తెల్లమొహం వేసుకుని చూశాడు. దాన్ని ఎలా ఆపాలో అతనికి తెలియదు. ఇన్నేళ్లూ అదే ఆగిపోయేది.