రోజూ రెండు వేసే చక్రపాణి

చక్రపాణి ఆకలికి ఆగగలడు, నిద్రకు ఆగగలడు. ఎదుటివాళ్ళు దేనికి నవ్వుకున్నారో తెలియకపోతే మాత్రం ఒక్క క్షణం ఆగలేడు. తూంకుంట కాలనీలో ఆయనకి 'ఆరాల చక్రపాణి' అని పేరు రావడం ఊరికే కాదు.

అలాంటి మనిషికి రెండు వారాలుగా అన్నం సహించడం లేదు. ఆయన వీధిలోకొస్తే చాలు, ఆడవాళ్ళు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంటున్నారు. మొదట జవహర్‌నగర్ డంపింగ్ యార్డు చెత్త వాసన కాబోలనుకున్నాడు. కానీ కొంగు వెనక నవ్వు కనిపిస్తోంది. చెత్త వాసనకి ఎవరైనా నవ్వుతారా?

ఆలోచించగా అనుమానం వెళ్ళి నర్సమ్మ పార్లర్ మీద వాలింది. శామీర్‌పేట రోడ్డు పక్క పొలాన్ని ప్లాట్లు చేసి అమ్మిన జనార్ధన్ గారి భార్య నర్సమ్మ. తోచక, ఇంటి ముందు గదిలో జడల పార్లర్ పెట్టింది. పూలజడ, చేపజడ, ఏదడిగితే అది అల్లుతుంది. చక్రపాణి భార్య శేషారత్నం ప్రతి శనివారం అక్కడికి వెళ్ళి, మూడు గంటలు కూర్చుని, వెలిగిపోతూ తిరిగొస్తుంది.

"అంతసేపు ఏం మాట్లాడుకుంటారే?"

"జడల గురించి."

"మూడు గంటలా?"

"మాది పొడుగు జుట్టండీ. మీదైతే మూడు నిమిషాల్లో తేలిపోను."

చక్రపాణి బట్టతల తడుముకున్నాడు. తడుముకుంటూనే ఒక పథకం వేశాడు. ఆ శనివారం కూతురు సుప్రజ బడిలో వార్షికోత్సవం. పిల్లకి డాన్సు, డాన్సుకి పెద్ద జడ.

"పార్లర్‌కి నేను తీసుకెళతాలే. నువ్వు కాస్త నడుం వాల్చు."

"మీరా? సుప్రజ ఏ క్లాసో చెప్పండి."

"మూడు."

"నాలుగు. మూడు పోయినేడు."

"నేనూ అదే అంటున్నా, మూడు అయిపోయిందని."

శేషారత్నం ఎందుకో గతుక్కుమంది. "మీరొద్దండీ, నేనే వెళతాను" అంది. వద్దన్నాక చక్రపాణి ఆగుతాడా? చెప్పులు సగం తొడుక్కుని, పిల్ల చెయ్యి పట్టుకుని గేటు దాటేశాడు.

పార్లర్ గుమ్మంలోనే నర్సమ్మ అడ్డం నిలబడింది. "మొగోళ్ళు లోపట్కి రావొద్దు సారూ. గా వరండల కూసోండ్రి. ఇంకొకామె ఉన్నది, అయినంక పిల్లను విలుస్త."

సుప్రజ పెరట్లో కుక్కపిల్లతో ఆటలో పడింది. చక్రపాణి పేపరు చదువుతూ, చదువుతూ, స్టూలుతో సహా కిటికీ దగ్గరికి చేరాడు. లోపల నర్సమ్మ, జడ వేయించుకోవడానికొచ్చిన ఈదమ్మ, నర్సమ్మ కోడలు ప్రణీత గుసగుసలాడుతున్నారు.

"గీ సారు రోజూ ఏస్తడంట, ఎరికేనా?" అంది ఈదమ్మ.

"రోజూనా!" అంది ప్రణీత.

"పొద్దుగాల మొకం గడుక్కోంగనె రెండు ఏస్తడంట. మేడమే జెప్పింది."

చక్రపాణి చేతిలో పేపరు జారింది. సోడాలో నిమ్మకాయ పిండుకోవడం తప్ప ఎరగని మనిషి ఆయన!

"పిల్ల ముంగటనేనా?"

"పిల్లను ముంగట కూసోవెట్టుకొనే! పండుగలకైతె నాలుగు గూడ ఏస్తడంట. చెయ్యి జర్రంత వణకదంట. గందుకేనె, సారు సంచి వట్టుకొని పోతాంటె నాకు నవ్వాగది."

"మేడమ్‌ది మస్తు నసీబు" అని నిట్టూర్చింది నర్సమ్మ.

తాగుబోతు మొగుడు దొరకడం అదృష్టమా! ఇరవయ్యేళ్ళ పరువు! ఒక్క ఊపున తలుపు తోసుకుని లోపలికి దూకాడు.

"అబద్ధం! నేను జన్మలో ఒక్కటి కూడా వేయలేదు! కావలిస్తే నోరు వాసన చూడండి!"

ఈదమ్మ సగం జడతో లేచి గోడకి అతుక్కుంది. నర్సమ్మ మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుంది. "నోరెందుకు సారూ? ఏయకపోతె మరి పిల్లకు జడలు ఎవలేస్తున్నరు?"

"జడలా?"

"మరింకేంది? రోజూ మీరే పొద్దుగాల రెండు జడలు ఏస్తరని మేడమ్ జెప్పింది. అంటె మేడమ్ అబద్ధమాడిందా?"

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. తన పరువు దక్కింది సరే, ఇప్పుడు శేషారత్నం పరువు పోయేట్టుంది. వచ్చే శనివారం ఆ మనిషి ఇక్కడ ఏ మొహంతో కూర్చుంటుంది?

"అబ్బే... అంటే... పార్లర్‌లో ఒక్కటీ వేయలేదని. ఇంట్లో అయితే... అదే పని."

"అట్లనా! అయితె ఇయ్యాల మీరే ఏయుండ్రి, మేమూ జూస్తం" అని నర్సమ్మ దువ్వెన చేతిలో పెట్టి సుప్రజను పిలిచింది.

చక్రపాణి దేవుణ్ణి తలుచుకుని పాపిడి తీశాడు. అది తూంకుంటలో బయల్దేరి వంకరలు తిరిగి నాగారంలో తేలింది. పాయలు మూడుండాలని తెలుసు గాని, చేతులు రెండే ఉన్నాయి. చెమటకి కళ్ళజోడు జారి, మెడలో తాడుకి వేలాడుతోంది. ఎలాగో అల్లి, రిబ్బను బిగించి, హమ్మయ్య అన్నాడు.

"అయిందా నాన్నా?" అంటూ సుప్రజ కుక్కపిల్ల కోసం పరుగు తీసింది. పిల్ల వెనకే చక్రపాణి కూడా మెడ ముందుకు చాచుకుని పరుగు తీశాడు. మూడో పాయ అనుకుని అల్లింది కళ్ళజోడు తాడుని!

"ఓయమ్మా! కత్తెర, కత్తెర!" అంటూ ప్రణీత వెంటపడింది. సరిగ్గా అప్పుడే శేషారత్నం గేటు తీసుకుని వచ్చింది. ఒక్క చూపుతో సంగతంతా అర్థమైపోయింది.

"ఇంట్లో బ్రహ్మాండంగా వేస్తారండీ. నలుగురిలో ఆయనకి సిగ్గు" అంది నవ్వుతూ.

"పాపం, నిజమే" అన్నారు ముగ్గురూ.

ఇంటికొచ్చాక చక్రపాణి నిలదీశాడు. "నా మీద ఆ గొప్పలు ఎందుకే?"

శేషారత్నం మొహం తిప్పుకుంది. "ఈదమ్మ మొగుడు ఆవిడకి వేన్నీళ్ళు తోడిపెడతాడట. నర్సమ్మ కొడుకు ప్రణీతకి ముద్దలు కలిపి పెడతాడట. తర్వాత అందరూ నా వైపు చూశారు. పదమూడేళ్ళ కాపురం వెతికానండీ, చెప్పుకోడానికి ఒక్కటీ దొరకలేదు. ఏడుపొచ్చింది. అందుకని కల్పించాను."

చక్రపాణికి ఎక్కడో కలుక్కుమంది. "సోమవారం నుంచి నిజంగా వేస్తాలే. నేర్పు" అన్నాడు మెల్లగా. అని ఊరుకుంటే బాగుండేది. ఆరా బుద్ధి ఊరుకోనివ్వలేదు.

"ఇంకేమైనా చెప్పావా వాళ్ళకి?"

"పెద్దగా ఏం లేదు. ఆదివారం వంట మీదేనని, గుత్తొంకాయ మీరు చేసినట్టు గోదావరి జిల్లాల్లోనే ఎవరూ చేయలేరని."

"పోనీలే, వాళ్ళొచ్చి తింటారా ఏమన్నానా!"

"రేపు మధ్యాహ్నం వస్తున్నారు. అక్కడ మీరు తాడు కోయించుకుంటుంటే, ఆ పక్కనే నేను పిలిచేశాను."

చక్రపాణి ఇంకేమీ ఆరా తీయలేదు. వంకాయలు ఎక్కడ దొరుకుతాయని మాత్రం అడిగాడు.