ఘాటు రాని కారు

బ్రాడీపేట లక్ష్మీనరసింహం గారు నిజాయితీపరుడని గుంటూరులో చాలామంది అంటారు. అలా అనేవాళ్లెవరూ ఆయన దగ్గర కారు కొనలేదు. కొన్నవాడు గురునాథం ఒక్కడే. వాన పడిన ప్రతి రాత్రీ కారు నిండా నీళ్లు చేరుతున్నాయనీ, ఆ సంగతి దాచిపెట్టి ఆ పెద్దమనిషి తన గొంతు కోశాడనీ అతను అద్దంకి చుట్టుపక్కల అరడజను ఊళ్లలో చెప్పుకు తిరిగాడు.

అది టాపు మడిచే పాత కారు. పైన గుడ్డ టాపు. కావాలంటే వేసుకోవచ్చు, వద్దంటే మడిచి వెనక్కి పడేయవచ్చు. మిరపా పత్తీ పండించుకునే మనిషికి ఇలాంటి షోకేమిటని ఊరంతా నవ్వింది. కారణం ఉంది. అతని భార్య సుబ్బరావమ్మకు బస్సెక్కితే వాంతులు. మంగళగిరిలో ఉన్న అక్కను చూసి పదకొండేళ్లయింది. నెత్తికి గాలి తగులుతుంటే ఏమీ కాదని ఒకసారి ట్రాక్టరు మీద తేలింది. ట్రాక్టరు మీద మంగళగిరి దాకా పోలేరు కాబట్టి ఈ బేరం కుదిరింది. చేతిలో డబ్బు లేదు. లక్ష్మీనరసింహం గారికి గురునాథం ఊళ్లో తాతల నాటి చేను ఉంది, దానికి దారి లేదు. రోడ్డు పక్కనున్న గురునాథం నేల ఆయనకు, ఆయన కారు గురునాథానికి. ఊరిపెద్ద చెంచయ్య కాగితం రాశాడు. కారు ముందే ఇంటికొచ్చింది. నేల రిజిస్ట్రేషను మాత్రం శ్రావణ సోమవారం నాడు పెట్టుకున్నారు.

ఆ సోమవారం పొద్దున గురునాథం వేసుకున్న పథకం చిన్నది. పది గంటల బస్సుకు లక్ష్మీనరసింహం గారు దిగేలోగా, నీళ్లు ఎక్కడ దిగుతున్నాయో చెంచయ్యకు చూపించాలి. కాగితం చింపించాలి. నేల నిలబెట్టుకోవాలి.

రాత్రి గట్టి వానే పడింది. చెంచయ్య వచ్చి సీటు తడిమాడు, పొడిగా ఉంది. టాపు లోపలివైపు తడిమాడు, అదీ పొడే.

"ఏవిరా నీళ్లు?"

"కింద చూడు బాబాయ్."

కాళ్ల దగ్గర పరిచిన పట్టా ఎత్తితే బిందెడు నీళ్లు తళతళలాడాయి.

"సరే, ఉన్నాయి. ఎక్కణ్ణించి వచ్చాయి?"

"అది తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాను?"

"దారి చూపించకుండా ఆయన్ని తప్పు పట్టలేంరా. కాళ్లు కడుక్కుని తుడుచుకోకుండా ఎక్కావంటాడు."

సుబ్బరావమ్మను లోపల కూచోబెట్టి టాపు మీద పన్నెండు బిందెలు కుమ్మరించారు. ఆవిడ మీద చుక్క పడలేదు. "పైన ఏమీ లేదు. కింద మాత్రం చీలమండ దాకా వచ్చింది" అని లోపల్నించి కబురు చెప్పింది, వాగు మట్టం చెప్పే ఉద్యోగిలా.

ఆయిల్ ఇంజన్లు బాగుచేసే ఖాజావలిని పిలిచారు. అతను కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"నీళ్లు తడిసినచోటే దిగవన్నా. ఎక్కడో దిగి, ఇనుం వెంట పాకి, ఇంకెక్కడో కూచుంటాయి. సైకిలు ట్యూబైతే తొట్లో ముంచి బుడగ చూస్తాం. దీన్ని ముంచే తొట్టి మన ఊళ్లో లేదు."

"మరేం చేద్దాం?"

"లోపల పొగేసి తలుపులు మూద్దాం. నీళ్లొచ్చే కన్నంలోంచి పొగ రాక ఎక్కడికి పోద్ది?"

సన్నటి పొగ కంటికి ఆనదని గురునాథం అన్నాడు. కంటికి ఆనకపోయినా ముక్కుకు తెలిసే పొగ ఆ ప్రాంతంలో ఒకటే. ఇనప బాండీలో నిప్పులు పోసి, రంగు పోయి మిర్చి యార్డులో ఎవరూ కొనని తాలు మిరపకాయలు ఏడు దోసిళ్లు వేసి లోపల పెట్టారు. తలుపులు బిగించారు. పైనించి పోకుండా టాపు మీద టార్పాలిన్ కప్పి తాళ్లతో కట్టారు. చూడ్డానికి వచ్చినవాళ్లంతా తలా ఒక అతుకు దగ్గర ముక్కు ఆనించి నిలబడ్డారు.

ఎవరూ దగ్గలేదు. ఖాజావలి కింద పడుకుని వాసన చూసి లేచాడు. ఏమీ లేదు.

ఎదురింటి పిచ్చమ్మ అరుగు దిగి వచ్చింది. దిష్టి తగిలితే ఎన్ని మిరపకాయలు కాల్చినా ఘాటు రాదని ఆ వీధిలో నమ్మనివాళ్లు లేరు. అందరికంటే గట్టిగా నమ్మేది ఆవిడ.

"ఎన్ని కాయలేశావురా?"

"ఏడు దోసిళ్లు పిన్నీ."

"పిల్లాడికి నాలుగు కాయలు తిప్పేస్తేనే ఎంత దిష్టో తెలిసిపోద్ది. ఏడు దోసిళ్లు మింగి ఊరుకుందంటే అది మామూలు కన్ను కాదు నాయనా."

గురునాథానికి ఊపిరి వచ్చింది. "ఇంకెవరి కన్ను? అమ్మినాయనదే. ఇచ్చాక మనసు పీకి ఉంటుంది. ఏమంటావ్ బాబాయ్?"

"దిష్టి సంగతి కాగితంలో రాసుకోలేదురా" అన్నాడు చెంచయ్య. కానీ ఆయన గొంతులోనూ మునుపటి గట్టిదనం లేదు.

ఆ రోజు బస్సు అరగంట ముందొచ్చింది. అందరూ కారుకు అవతలి పక్కన చేరి కన్ను ఎవరిదో తేల్చుకుంటూ ఉండగా, లక్ష్మీనరసింహం గారు తెల్ల పంచె, గొడుగుతో ఇవతలి పక్కకు వచ్చారు. టార్పాలిన్ కింద తన పాత కారును చూసుకుని ఆప్యాయంగా తలుపు తీశారు.

ఏడు దోసిళ్లూ ఒక్కసారే బయటికొచ్చాయి. వీధి వీధంతా పరుగు తీసింది. గేదె ఒకటి పలుపు తెంపుకుని పోయింది. "వదిలింది, వదిలింది" అని దగ్గుతూనే సంతోషించింది పిచ్చమ్మ. పొగ తేలేసరికి లక్ష్మీనరసింహం గారు కారు పట్టుకుని వంగి, ధారగా కన్నీళ్లు కారుస్తూ, మాట పెగలక వెక్కుతూ కనిపించారు.

చెంచయ్య గుండె కరిగింది. "ఊరుకోండి పంతులుగారూ. అంత ప్రేమ ఉన్న కారు అమ్ముకోవడమేమిటి? మీ కారు మీరు తీసుకుపోండి, అతని నేల అతనికిచ్చేద్దాం. సరేనా?"

దగ్గుతో ఆయన తల పైకీ కిందికీ ఊగింది. చెంచయ్య జేబులోంచి కాగితం తీసి రెండుగా చింపాడు. గురునాథం నేల గురునాథానికి వచ్చేసింది.

రెండు చెంబుల నీళ్లు తాగాక పెద్దాయనకు మాట వచ్చింది. "ఇంత పొగ లోపలుంటే బయటికి రాలేదా?"

"కాస్తయినా రాలేదండి" అన్నాడు ఖాజావలి.

"అదెలా కుదురుతుంది? టాపు మీద పడిన వాన వెనకసీటు వెనకున్న కాలవలోకి దిగి, రేకు లోపల్నించి అడుక్కొచ్చి, నాలుగు కన్నాల్లోంచి నేల మీదికి పోవాలి. ఆ కన్నాలేమయ్యాయి?"

చెప్పి ఊరుకోలేదు. పంచె ఎగ్గట్టి, ఆ బురదలోనే కారు కింద పడుకుని, గొడుగు మొనతో పొడిచారు. నల్లటి ఉండ ఒకటి ఊడిపడింది. వెనకే బిందెడు నీళ్లు ఆయన ఛాతీ మీద పడ్డాయి.

"దూది. తారు పూశారు" అన్నారు కింద నుంచి.

ఖాజావలి ఆ ఉండను అటూ ఇటూ తిప్పాడు. "అన్నా, కారొచ్చిన వారానికే నా దగ్గర డబ్బా తారు తీసుకెళ్లావు."

"దూది కూడా మీ చేలోదేరా" అంది పిచ్చమ్మ.

గురునాథం ఒప్పుకున్నాడు. "ఆ కన్నాల్లోంచి దుమ్ము లేస్తోంది. దుమ్ము లేస్తే సుబ్బరావమ్మకి కడుపులో తిప్పుద్ది. అందుకని మూశాను."

లక్ష్మీనరసింహం గారు నాలుగు కన్నాలూ తీసి, నిలువెల్లా మట్టితో లేచారు. "ముందే చెప్పాల్సింది నేను. పొరపాటు నాదే" అన్నారు. తాను ఊరూరా తిట్టిన మనిషి నోట ఆ మాట వినేసరికి గురునాథానికి పొగ లేకుండానే కళ్లు మండాయి.

"ఎవరి పొరపాటైతేనేం, మాట అయిపోయింది" అన్నాడు చెంచయ్య. "కారు ఆయనది, నేల నీది. పొద్దుటినుంచి నువ్వు ఏడ్చిందీ దానికేగా."

సుబ్బరావమ్మ బాండీ దించింది. కారు లోపల తుడిచి, పట్టా పిండి ఆరేసి, తలుపు చప్పుడు కాకుండా మూసింది. "పోనీలేవయ్యా, అక్కకి ఉత్తరం రాద్దాం" అంది.

గురునాథం కాగితం ముక్కలు రెండూ తీసుకుని ఇంట్లోకి వెళ్లాడు. నాలుగు అన్నం మెతుకులు మెదిపి, వాటితో అతికించి, ఆరేదాకా ఊదుతూ బయటికి తెచ్చాడు.

"పదండి పంతులుగారూ. ఆఫీసు మూసేస్తారు."

టాపు మడిచి నలుగురూ బయల్దేరారు. సగం దారిలో వాన అందుకుంది. ఆపి టాపు వేసేలోపే అందరూ తడిశారు. నీళ్లు నాలుగు కన్నాల్లోంచి రోడ్డు మీదికి పోతున్న చప్పుడు స్పష్టంగా వినపడింది. గురునాథం ఆ చప్పుడు వింటూ నోరు విప్పాడు.

"ఇంకొకరైతే కారు తీసుకుని పోయేవారండి. మీరు బురదలో పడుకున్నారు. ఈ మేలు మర్చిపోను."

"ముందు రోడ్డు చూడవయ్యా" అన్నారు పెద్దాయన, మొహం తుడుచుకుంటూ.

వెనకసీట్లో చెంచయ్య పక్కన సుబ్బరావమ్మ తడిసిన జుట్టు వెనక్కి తోసుకుని, ఒక్క వాంతి లేకుండా, ఇటునించి మంగళగిరికి ఎంత దూరమని అడుగుతోంది.

రిజిస్ట్రేషను కాగితంలో రాసింది నల్లరేగడి అరవై రెండు సెంట్లు. తర్వాత సర్వేయరు గొలుసు లాగితే గురునాథం పోగొట్టుకుంది అరవై మూడున్నర.