సిరాబుడ్డి చేయని తప్పు

రిపోర్టుగారు తన ఉద్యోగ జీవితంలో ఒక్క తప్పుడు రిపోర్టు కూడా రాయలేదు. రాసిన ఒకే ఒక్కటీ ఇంట్లో రాశారు. అదీ మనిషి మీద కాదు, జానెడు కూడా లేని పిల్లిపిల్ల మీద.

రిపోర్టుగారంటే ఆసుపత్రి లాబొరేటరీలో టెక్నీషియన్. ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ రక్తం, మూత్రం, ఇంకా భోజనానికి ముందు చెప్పుకోకూడనివి చాలా పరీక్ష చేస్తున్నారు. వీధిలో ఎదురైనవాళ్ళందరూ బాగున్నారా అని అడగడం మానేసి "మా రిపోర్టు వచ్చిందాండీ" అని అడగడంతో అసలు పేరు ఎవరికీ గుర్తులేకుండా పోయింది. ఆయన భార్య హైస్కూల్లో లెక్కల టీచరు. ఇంట్లో ఉండేది ఇద్దరే. సాయంత్రం ఆవిడ అల్లం దంచి టీ పెట్టడం, ఇద్దరూ వంటింటి గుమ్మం దగ్గర కుర్చీలు వేసుకుని ఎవరి షుగరు ఎంత పెరిగిందో, ఎవరి అబ్బాయికి లెక్కల్లో ఎన్ని తగ్గాయో చెప్పుకోవడం వాళ్ళ అలవాటు. ఆ గంటసేపటి కోసమే రిపోర్టుగారు రోజంతా ఆ సీసాల మధ్య ఓపిక పట్టేవారు. ఆ సంగతి ఆవిడకి తెలియదు. ఆయనా ఎప్పుడూ చెప్పలేదు.

ఒక సాయంత్రం టీ కప్పు రావలసిన చోటికి ఆవిడ హ్యాండ్‌బ్యాగు వచ్చింది. జిప్పు తీయగానే యూనిట్ టెస్టు పేపర్ల మధ్య నుంచి ఒక తెల్లటి తల బయటికొచ్చింది. ఒళ్ళంతా తెలుపే. తోక మాత్రం సగం దాకా సిరాలో ముంచి తీసినట్టు నల్లగా ఉంది.

"ఇదేమిటి?"

"పిల్లి."

"అది నాకూ కనబడుతోంది. మనింట్లో ఏం చేస్తోందని అడుగుతున్నాను."

"స్టాఫ్‌రూమ్ బీరువాలో పుట్టిందండీ. తల్లి మళ్ళీ రాలేదు. పాత ప్రశ్నపత్రాల మీద పడుకుని ఒకటే ఏడుపు."

"ప్రశ్నపత్రం చూస్తే నాకూ ఏడుపొచ్చేది. అంతమాత్రాన నన్నెవరైనా జాలిపడి ఇంటికి తెచ్చుకున్నారా?"

"తెచ్చుకున్నానుగా, పద్దెనిమిదేళ్ళయింది."



"ఉంచుకుందామండీ. సిరాబుడ్డి అని పేరు కూడా పెట్టేశాను" అంది ఆవిడ. పెళ్ళయ్యాక ఆవిడ తనకోసమంటూ నోరు తెరిచి అడిగింది అదొక్కటే. ఆ ముక్క రిపోర్టుగారికి అప్పుడు తట్టలేదు. తట్టి ఉంటే ఆయన ఇప్పుడిలా తల దించుకుని తిరగాల్సిన పని ఉండేది కాదు.

వద్దనే ధైర్యం ఎటూ లేదు కాబట్టి ఆయన సరేనని, దానికో షరతు తగిలించారు.

"పది రోజుల గడువు. ఈలోగా ఎక్కడ పోయాలో అక్కడ పోయడం నేర్చుకుంటే ఉంటుంది. ఇల్లు తడిపితే వెళ్ళిపోతుంది. నేను పొద్దంతా ఆ వాసనలోనే బతుకుతాను. ఇంటికొచ్చాక కూడా అదే అంటే నావల్ల కాదు."

"మాట మీద ఉంటారా?"

"నేను ఫలితం మార్చిన రోజు ఎప్పుడైనా చూశావా?"

అక్కడితో ఆగక ఫ్రిజ్ తలుపు మీద ఒక చార్టు కూడా అంటించారు. తేదీ, సమయం, స్థలం, ఫలితం అని గళ్ళు. అడుగున చిన్న అక్షరాలతో "ఉండవలసిన పరిమితి: ట్రేలో మాత్రమే" అని రాసి సంతకం పెట్టారు.

టీచరుగారు వెనక వరండా మూలలో ఒక ప్లాస్టిక్ ట్రే పెట్టి, జల్లించిన ఇసుక పోశారు. పాలు తాగించిన ప్రతిసారీ పిల్లను తీసుకెళ్ళి అందులో దింపేవారు. ముందరి కాలు పట్టుకుని, ఒకటో తరగతి పిల్లల చేత అక్షరాలు దిద్దించినట్టు ఇసుకలో గీయించేవారు. మొదటి రోజు సిరాబుడ్డి బట్టల బుట్ట పక్కన పని కానిచ్చింది. చార్టులో రిపోర్టుగారు చాలా ఉత్సాహంగా ఎర్రసిరాతో రాసుకున్నారు. రెండో రోజు సగం ట్రేలో, సగం అంచు మీద. మూడో రోజు నుంచి ఎవరూ చెప్పకుండానే అది నడిచివెళ్ళి, పని ముగించి, నాలుగు వైపుల నుంచీ ఇసుక లాగి కప్పి, ఒకసారి వాసన చూసుకుని, సరిపోలేదనుకుంటే మళ్ళీ కప్పేది. ఎర్రసిరా పెన్నుకి మూత తీయాల్సిన అవసరమే లేకపోయింది.

ఆదివారం పొద్దున్న ఆవిడ ఆయన చేతికి ఒక చిల్లుల గరిటె ఇచ్చింది.

"ఆదివారాలు ట్రే మీరు చూసుకోండి. మీకు అలవాటైన పనేగా."

"అలవాటా? అక్కడ ప్రతిదానికీ సీసా ఉంటుంది, మూత ఉంటుంది, మూత మీద పేరుంటుంది."

"దీనికీ పేరు పెట్టానుగా."

ట్రే ఎలాగో కడిగేశారు. ఆయనకి గుచ్చుకున్నది మాత్రం వేరే. ఆ సాయంత్రం టీ తాగుతూ "నిన్న మన పోస్టుమాస్టరుగారికి షుగరు నాలుగు వందలుందోయ్" అన్నారు. "అయ్యో, అలాగా నా బంగారం" అంది ఆవిడ ఎంతో ప్రేమగా. ఇన్నేళ్ళకి ఇంత ముద్దుగా పలికిందేమిటా అని రిపోర్టుగారు పొంగిపోయి తల తిప్పి చూస్తే, ఆవిడ ఒళ్ళో సిరాబుడ్డి ఆవలిస్తోంది. ఆ మాట దానికి. పోస్టుమాస్టరుగారి షుగరు సంగతి ఎవరికీ పట్టలేదు.

ఆ రాత్రికే ఆయన మనసు పాడైపోయింది. గడువు మాత్రం ఇంకా ఉంది.

ఆ వారం ఆయనకి ఉదయం డ్యూటీ. మూడింటికల్లా ఇంట్లో ఉండేవారు. ఆవిడ వచ్చేసరికి ఐదయ్యేది. ఐదో రోజు ఆయన ట్రేని వరండాలోంచి తీసి స్నానాల గదిలో బకెట్ల వెనక దాచారు. సిరాబుడ్డి ఇల్లంతా రెండు చుట్లు తిరిగి, వాసన పట్టుకుని, బకెట్లెక్కి దిగి, ట్రేలోనే పోసింది. ఆరో రోజు ఇసుక తీసేసి కాగితం ముక్కలు పోశారు. అది కాసేపు ఆలోచించి, కాగితాల్నే లాగి కప్పుకుంది. ఇంత బుద్ధిమంతురాలితో ఎలా వేగాలో రిపోర్టుగారికి అర్థం కాలేదు.

ఏడో రోజు తన విద్యంతా బయటికి తీశారు. ఒక గ్లాసు నీళ్ళలో పొద్దున్న మిగిలిన టీ డికాక్షన్ నాలుగు చుక్కలు వేసి, కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టి చూశారు. అచ్చంగా అదే రంగు. లాబొరేటరీలో ఎవరైనా ఇస్తే తనే నమ్మేవారు. ఆసుపత్రి నుంచి అసలు సరుకే ఒక సీసా తెచ్చుకుంటే పోయేది కదా అని కూడా అనిపించింది కానీ, వృత్తిధర్మం గుర్తొచ్చి లెంపలేసుకున్నారు. హాలు మధ్యలో గ్లాసు వంచి, చార్టు మీద ఎర్రగా రాసి, పేపరు చదువుతున్నట్టు కూర్చున్నారు.

ఆవిడ గుమ్మంలో అడుగుపెట్టగానే లేచి సిరాబుడ్డి మెడ పట్టుకున్నారు. "చూడు, నువ్వు చేసిన నిర్వాకం" అంటూ దాని ముక్కు ఆ తడి దగ్గర పెట్టారు, కాస్త గట్టిగానే. నాటకం రక్తికట్టాలి కదా.

పిల్ల ఒకసారి తుమ్మింది. వదలగానే పారిపోతుందనుకున్నారు. పారిపోలేదు. టీచరుగారు నేర్పిన పాఠం ప్రకారం ఆ తడి చుట్టూ తిరుగుతూ, నున్నటి గచ్చు మీద గోళ్ళతో గీరడం మొదలుపెట్టింది. అక్కడ ఇసుక లేదు. అయినా ఆ వైపు నుంచి, ఈ వైపు నుంచి గీరుతూనే ఉంది. ఆయన చేసిన మురికిని అది కప్పాలని చూస్తోంది.

రిపోర్టుగారు నిజం అప్పుడే చెప్పేయాల్సింది. చెప్పలేదు. టీచరుగారు వంగి, ఆ తడిని వేలితో తాకి, గుడ్డ తెచ్చి తుడిచేశారు. సిరాబుడ్డిని ఎత్తుకుని లోపలికెళ్ళిపోయారు.

ఒక్కసారికే పంపేయదేమోనన్న భయంతో తొమ్మిదో రోజు ఆయన రెండో సాక్ష్యం తయారుచేశారు. ఈసారి తన కుర్చీలోనే. బాధితుడు తనే అయితే ఎవరికీ అనుమానం రాదని ఆయన లెక్క. కానీ గ్లాసు చాలదని తెచ్చుకున్న గిన్నె మొత్తం తొందరలో ఒలికిపోయింది. మెత్త తడిసింది, కుర్చీ తడిసింది, కుర్చీ కింద ఆవిడ పెట్టుకున్న పదో తరగతి జవాబుపత్రాల కట్ట కూడా తడిసింది. రిపోర్టుగారు గాభరాగా మెత్తని వెనక వరండాలో ఆరేశారు. జవాబుపత్రాల్ని ఒక్కొక్కటే పరిచి ఇస్త్రీ చేశారు. మూడో పేపరు దగ్గర ఎవరో పిల్లవాడి రేఖాగణితం గోధుమరంగులోకి తిరిగి కమురువాసన కొట్టింది. ఫ్యాను వేస్తే మిగతా పేపర్లు గదంతా ఎగిరాయి. ఒకటి పట్టుకుంటే రెండు జారిపోతున్నాయి. సిరాబుడ్డి ఆ హడావుడికి జడిసి బీరువా మీదకెక్కి కూర్చుంది.

సరిగ్గా అప్పుడే ఆవిడ వచ్చింది.

"ఏమైందండీ?"

"నీ పిల్లి. నా కుర్చీలో."

ఆవిడ కుర్చీని చూసింది. కారుతున్న మెత్తని చూసింది. బీరువా మీద గుప్పెడంత పిల్లని చూసింది.

"ఇన్ని నీళ్ళూ అదే పోసిందా?"

"దాని కిడ్నీల్లో ఏదో తేడా ఉండి ఉంటుంది. నాకు తెలుసుగా."

"తెలియకేం. మీరే కదా రిపోర్టు రాసేది."

పదో రోజు పొద్దున్న ఏడుపులుంటాయి, బతిమాలడాలుంటాయి, తను పెద్దమనసు చేసుకుని ఇంకో రెండు రోజుల గడువిస్తే ఎలా ఉంటుందా అని కూడా ఆయన ఆలోచించుకున్నారు. ఏమీ జరగలేదు. ఆవిడ ట్రే కడిగి, ఆరబెట్టి, పిల్లను చంకనెత్తుకుని "షరతు షరతే కదా" అంది. మెట్లెక్కి పై వాటాలో బట్టలు కుట్టే పిన్నిగారికి ఇచ్చి వచ్చింది. చార్టు తీసి మడిచి చెత్తబుట్టలో వేసింది.

రిపోర్టుగారు గెలిచారు. ఆ సాయంత్రమే పోస్టుమాస్టరుగారి షుగరు కబురు మళ్ళీ ఎత్తుకుందామని కుర్చీ వేసుకుని కూర్చుంటే, ఆవిడ ఒక కప్పు తెచ్చి చేతికిచ్చి చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికి?"

"ట్యూషనుంది."

మర్నాడూ ట్యూషనే. వారమంతా ట్యూషనే. ఆవిడ కోపంగా ఒక్క మాట అన్నా బాగుండేది. అడిగినదానికి జవాబిచ్చేది, అన్నం పెట్టేది, చుట్టాలింటికి వచ్చినంత మర్యాదగా ఉండేది. ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీని చూస్తూ ఆయన ఒక్కరే టీ తాగేవారు. పైన కుట్టుమిషను చప్పుడు ఆగినప్పుడు ఏదో చిన్నగా టపటపమని పరిగెత్తేది. కాసేపటికి గోళ్ళతో గీరిన చప్పుడు వినబడేది. ఆ చప్పుడుకి ఆయన టీ సగంలోనే దించేసేవారు. ఆసుపత్రిలో ఒకరి సీసాకి ఇంకొకరి పేరు అంటించబోయి, ఇరవై రెండేళ్ళలో మొదటిసారి డాక్టరుగారిచేత చీవాట్లు తిన్నారు.

పిల్ల వెళ్ళిన దగ్గర్నుంచి ఎనిమిదో రోజు ఆవిడ చెప్పుల దగ్గరికి వెళ్ళేసరికి ఆయన అడ్డం వచ్చారు.

"ఒక మాట. ఆ కుర్చీలో పోసింది పిల్లి కాదు."

"ఊఁ."

"నేనే."

"ఊఁ."

"హాల్లో పోసిందీ నేనే."

"అల్లం వాసన వచ్చిందండీ" అంది ఆవిడ నెమ్మదిగా. "మనింట్లో టీలో అల్లం దంచి వేసేది నేను. ఆ పసిదానికి అల్లం టీ ఎవరు పోస్తారు?"

"అప్పుడే తెలిస్తే, మరి దాన్నెందుకు పంపేశావు?"

"మీరే చెబుతారని రెండు రోజులు చూశాను. చెప్పలేదు సరికదా, రెండోసారి పోశారు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి దాన్ని వెళ్ళగొట్టడానికి తన కుర్చీ తనే తడుపుకున్నారు. ఇంక దాన్ని మీ దగ్గర వదిలి బడికి వెళ్ళడానికి నాకు ధైర్యం చాలలేదండీ."

ఇంతకన్నా ఆవిడ కేకలేసి ఉంటే తట్టుకునేవారు. ఆయన "నువ్వు నాతో మాట్లాడటం మానేశావు. రోజంతా దాంతోనే" అన్నారు.

ఆవిడ ఆయన ముఖంలోకి కొత్తగా చూసింది.

"ఆ మాట నాతో అంటే సరిపోయేది కదా."

"అనడం రాలేదు."

"ఎక్కడ ఏం చేయాలో దానికి రెండు రోజుల్లో వచ్చింది" అంటూ ఆవిడ చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

"తెచ్చేసుకుందాం. ఇప్పుడే వెళ్ళి అడుగుతాను. ట్యూషనుకి తర్వాత వెళ్దువుగాని."

"ట్యూషనూ లేదు, ఏమీ లేదు. నేను వెళ్ళేదీ పైకే."

ఆయన వెనకాలే మెట్లెక్కారు. పిన్నిగారి గది నిండా గుడ్డముక్కలు, దారపు ఉండలు. మిషను పక్కన చాప వేసి ఉంది. ఆవిడ చాప మీద కూర్చోగానే గుడ్డముక్కల్లోంచి సిరాబుడ్డి తోక నిక్కబొడుచుకుని వచ్చింది. వచ్చినదల్లా గుమ్మంలో రిపోర్టుగారిని చూసి, వెనక్కి తిరిగి మిషను కిందకి దూరింది. తోక కొస కూడా కనబడకుండా లోపలికి లాక్కుంది.

"పిన్నిగారూ, పొరపాటు నాదే. దాన్ని మళ్ళీ మా ఇంటికి పంపిస్తారేమోనని..." అన్నారాయన.

పిన్నిగారు సూదిలో దారం ఎక్కిస్తూ టీచరుగారి వైపు చూశారు. టీచరుగారు వద్దన్నట్టు తల ఊపారు. "ఇప్పుడిప్పుడే ఇక్కడ కుదురుకుంటోందండీ. మళ్ళీ ఇల్లు మారిస్తే బెంగపెట్టుకుంటుంది."

ఆయనకి గది మూల ట్రే కనబడింది. అడక్కుండానే వెళ్ళి గరిటె తీసుకుని శుభ్రం చేశారు. ఇసుక సమంగా సర్దారు. అంచున పడ్డ రేణువుల్ని చేత్తో ఏరి మళ్ళీ అందులోనే వేశారు. ఆదివారం కూడా కాదు ఆ రోజు. ఆ పని చేస్తున్నంతసేపూ మిషను కింద నుంచి రెండు కళ్ళు ఆయన చేతులనే చూస్తున్నాయి.

చేతులు కడుక్కుని గుమ్మం దగ్గర ఆగారు.

"రోజూ వచ్చి ఇది నేనే చేస్తాను పిన్నిగారూ. మీకు అభ్యంతరం లేకపోతే."

"నాకేం అభ్యంతరం బాబూ, రా" అన్నారు పిన్నిగారు. "కాకపోతే వచ్చేముందు మెల్లిగా తలుపు కొట్టి, కాసేపాగి రా. నువ్వంటే అది జడుసుకుంటోంది."

"అలాగేనండీ" అని రిపోర్టుగారు మెట్లు దిగారు.