మెడనొప్పికి తోడొచ్చినాయన

దర్జీ ఆ పొద్దున వేసుకున్న ప్లాను చాలా చిన్నది. వీధి చివరి డాక్టరు తలుపు తీయగానే వెళ్ళి మెడ చూపించుకోవడం, వచ్చి దుకాణం తెరవడం, లాయరుగారి నల్లకోటుకి చేతులు కుట్టడం. రాత్రి తలగడ కిందపడిపోయి, మంచం పట్టె మీద తల పెట్టుకుని నిద్రపోయాడు. లేచేసరికి మెడ కుడివైపుకి తిరిగి అక్కడే బిగుసుకుపోయింది. భార్య ఎడమ పక్క నిలబడి కాఫీ అందిస్తే గోడకేసి చూస్తూ తీసుకున్నాడు.

“కాస్త ఇటు తిరగండి.”

“తిరగడం లేదే.”

“నా మాటకి మీరు తిరిగిందెప్పుడు గనక!” అని నవ్వి, ఆమె వేడినీళ్ళలో ముంచిన గుడ్డ పిండి మెడ మీద వేసింది. “ఇదేం పెద్ద రోగం కాదులెండి. డాక్టరుగారు ఓ మాత్ర ఇస్తే అదే పోతుంది.”

ఇద్దరూ గుమ్మం దాటేసరికి పై వాటా స్టేషన్ మాస్టారు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. రిటైరై చాలా కాలమైంది. సర్వీసులో ఒక్కరోజు కూడా ఒంట్లో బాలేదని సెలవు పెట్టలేదన్నది ఆయన గొప్ప. ఎదురైనవాళ్ళెవరూ ఆ మాట వినకుండా ముందుకు పోలేరు. భార్య చెల్లెలింటికి వెళ్ళడంతో నాలుగు రోజులుగా ఒక్కరే ఉంటున్నారు.

“ఏమోయ్, ఎక్కడికి?”

“మెడ పట్టేసింది మాస్టారూ. వీధి చివర డాక్టరు దగ్గరికి.”

“మెడా?” ఆయన రెయిలింగు పట్టుకుని లేచారు. “మెడని తేలిగ్గా తీసుకోకు. మెడ కింద ఏముంది? గుండె! పద, పెద్దాసుపత్రికి పోదాం. ఎమర్జెన్సీకి.”

“బాబాయిగారూ, తలగడ జారి పట్టేసిందంతే,” అంది దర్జీ భార్య.

“నీకు తెలీదమ్మాయ్. ఇట్లాంటివాటిల్లో ఆలస్యం చెయ్యకూడదు. నేనూ వస్తాగా తోడు!” అంటూ ఆయన అప్పటికే వీధిలోకి నడిచి టాక్సీని ఆపేశారు. పెద్దమనిషి అంత ఆప్యాయంగా పిలుస్తుంటే కాదనడానికి దర్జీకి నోరు రాలేదు. అడ్డంగా తల ఊపుదామన్నా తల ఊగే స్థితిలో లేదు.

దారి పొడుగునా మాస్టారు డ్రైవర్ని తొందరపెడుతూనే ఉన్నారు. రోగి మాత్రం వెనక సీట్లో కూర్చుని, వేరే గతిలేక, కుడి కిటికీలోంచి ఊరంతా చూశాడు.

ఎమర్జెన్సీలో బల్ల దగ్గరున్న నర్సు “ఏమైంది?” అని అడిగింది. దర్జీ నోరు తెరిచేలోపు మాస్టారు అందుకున్నారు.

“ఛాతీ మీద ఇనపపెట్టె పెట్టినట్టుంది. ఎడమ దవడ గుంజుతోంది, చెయ్యి కూడానూ. తెల్లారుజామున మొదలైంది. ఒళ్ళంతా చల్లచెమటలు.”

“ఈయనకేనా?”

“మరి... రోగి ఆయనే కదా!”

“నాకు మెడండీ,” అన్నాడు దర్జీ, నర్సు పక్కనున్న బీరువాతో. “ఒట్టి మెడ.”

“మగాళ్ళంతా ఇంతే, చివరిదాకా దాస్తారు,” అని నర్సు అతన్ని మంచమెక్కించింది. చొక్కా విప్పడం, ఛాతీకి తీగలు అంటించడం రెండూ రెప్పపాటులో అయిపోయాయి.

దర్జీ భార్య మొహం పాలిపోయింది. “తెల్లారుజాము నుంచా? బాబాయిగారికి చెప్పి నాకు చెప్పలేదా? రాత్రి అన్నం వదిలేసినప్పుడే అనుకున్నాను!”

“ఆకలి లేక వదిలేశానే!”

“గుండె జబ్బుకి ఆకలి ఉండదుట!” అంటూ ఆమె వరండాలోకి వెళ్ళి అన్నయ్యకి ఫోన్ చేసింది. ఏడుపులో సగం మాటలు మింగేసింది. ఆ మిగిలిన సగాన్నే అన్నయ్య తన భార్యకి చెప్పాడు. ఆవిడ దర్జీ దుకాణం పక్కనున్న చెప్పుల కొట్టుకి చెప్పింది. గోరంత కొండంతై లాయరుగారి దగ్గరికి చేరేసరికి దర్జీకి ఆపరేషను కూడా జరిగిపోయింది.

కాసేపటికి బావమరిది పండ్ల బుట్టతో దిగాడు. “బావా, నువ్వు మాట్లాడకు, అలిసిపోతావు,” అని మాట్లాడని బావకి జాగ్రత్తలు చెప్పాడు. అతని వెనకే లాయరుగారు రొప్పుతూ వచ్చారు.

“ఎలా ఉన్నాడు? చేతులు ఎంతవరకు వచ్చాయి?”

“చేతులకేం కాలేదండీ, గుండెకే,” అంది దర్జీ భార్య కళ్ళు తుడుచుకుంటూ.

“అయ్యో పాపం. నేనడిగింది కోటు చేతులమ్మా.”

అంతలో డాక్టరమ్మ వచ్చి కాగితం మీద గీతలు ఆ చివర నుంచి ఈ చివరదాకా చూసింది. మళ్ళీ చూసింది.

“ఈ గుండెకి ఏ లోటూ లేదు. ఇందాక చెప్పిన లక్షణాల్లో ఒక్కటి కూడా ఈయనకి లేదు. ఎవరు చెప్పారివన్నీ?”

అందరూ గోడవైపు తిరిగారు. తిరగలేని దర్జీ పడుకునే ఉన్నాడు. గోడ పక్క స్టూలు మీద మాస్టారు కూర్చుని ఉన్నారు. చేతిరుమాలు పిండితే నీళ్ళు కారేలా ఉంది. ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకుని, పిల్లాడిలా ఒళ్ళో పెట్టుకున్నారు.

నర్సు ఆయన ముందు వంగింది. “పెద్దాయనా, ఆ ఇనపపెట్టె ఎవరి ఛాతీ మీదుంది?”

“ఒక... తెలిసినాయన మీద.”

“ఆ తెలిసినాయన ఎక్కడున్నారు?”

మాస్టారు నేలచూపులు చూశారు. “ఇక్కడే ఉన్నాడమ్మా,” అన్నారు మెల్లిగా.

ఎవరూ చెప్పకుండానే దర్జీ మంచం దిగాడు. అతని ఛాతీ మీది తీగలు మాస్టారి ఛాతీకి చేరాయి. ఈసారి గీతలు చూసిన డాక్టరమ్మ కాగితం మడిచి, మంచాన్ని లోపలికి తొయ్యమంది. మంచం కదులుతుంటే మాస్టారు దర్జీ చొక్కా కొస పట్టుకున్నారు.

“నువ్వు ఇంటికెళ్ళిపోతావా?”

“ఎక్కడికీ వెళ్ళను మాస్టారూ. తోడుంటాను.”

నిజంగానే ఉన్నాడు. దర్జీ భార్య, చెల్లెలింట్లో ఉన్న మాస్టారి భార్యకి, పిన్నిగారికి, ఫోన్ చేసి, ఈసారి ఏ మాటా మింగకుండా చెప్పింది. బావమరిది పండ్ల బుట్ట ఎవరికివ్వాలో తెలియక ఒళ్ళోనే పెట్టుకున్నాడు. లాయరుగారు వెళ్ళడానికి రెండుసార్లు లేచి, రెండుసార్లూ కూర్చున్నారు. మూసిన తలుపు ఎంతకీ తెరుచుకోలేదు.

మధ్యాహ్నం దాటాక డాక్టరమ్మ బయటికొచ్చింది. “మూసుకుపోయిన రక్తనాళం తెరిచాం. గండం గడిచింది. కానీ ఇలాంటి నొప్పొస్తే అంబులెన్సుకి ఫోన్ చెయ్యాలి. టాక్సీ ఎక్కి, పక్కింటాయన్ని రోగిగా వెంటబెట్టుకుని రావడమేమిటి?”

“మరి నా మెడ?” అన్నాడు దర్జీ, బెరుగ్గా.

“మెడ పట్టేస్తే ఎమర్జెన్సీకి ఎందుకొచ్చారండీ? మీ వీధిలో డాక్టరు లేరా?”

దర్జీకి భార్య మొహం చూడాలనిపించింది. కానీ ఆమె ఎడమ పక్కన ఉంది.

మూడోరోజుకి మెడ సర్దుకుంది. దర్జీ దంపతులు చూడ్డానికి వెళ్ళేసరికి మాస్టారు దిండ్లకి ఆనుకుని కూర్చున్నారు. పక్కనే పిన్నిగారు.

“చెప్పొచ్చు కదా మాస్టారూ! ఎత్తుకునైనా తెచ్చేవాణ్ణి.”

“నాలుగు గంటలకే నొప్పొచ్చిందోయ్. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. ‘నాకు బాలేదు’ అనే మాట ఎప్పుడూ అన్లేదు కదా, నోరు తిరగలేదు. మెట్ల మీద కూర్చుంటే ఎవరో ఒకరు వస్తారనుకున్నా. నీకు మెడ పట్టడం నా అదృష్టం.”

పిన్నిగారు కొంగుతో కళ్ళొత్తుకుని భర్తకేసి ఉరిమి చూశారు. “ఇంకోసారి ఇట్లా చేశారంటే మీ గుండె సంగతి నేను చూస్తాను!”

మాస్టారు ఇల్లు చేరారు. ఇప్పటికీ మెట్ల మీద ఎవరు కనిపించినా ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతారు. అడగ్గానే వాళ్ళు ముందు ఆయన్ని కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని నాడి చూస్తున్నారు.