నిలకడ గల నురగ

"ఇకపై ఈ ప్రభుత్వంలో నురగ కూడా పారదర్శకంగా ఉంటుంది" అని పాడిపరిశ్రమ శాఖ మంత్రిగారు మంగళవారం ఉదయం ప్రకటించారు.

పారదర్శకంగా ఉంటే నురగ కనపడదు కదా అని ఒక విలేకరి అడిగాడు.

"అదే మా ప్రత్యేకత" అన్నారు మంత్రిగారు. హాలంతా చప్పట్లు మోగాయి.

అంతకు ముందు వారమే మంత్రిగారు ఆవుల మీద అధ్యయనానికి ఎనిమిది రోజులు విదేశాలు తిరిగి వచ్చారు. ఆవులను చూడడానికి తీరిక చిక్కలేదు గానీ, విమానాశ్రయంలో తాగిన లాటే కాఫీ మీద పాల నురగతో వేసిన ఆకు బొమ్మను మాత్రం నిశితంగా పరిశీలించారు. ఆకును వేయగలిగినవాళ్లు తనను ఎందుకు వేయలేరన్న ప్రశ్న అక్కడే పుట్టింది. తిరుగు విమానంలోనే 'కప్పు కప్పునా పాలన' పథకం తయారైంది. శాఖకు వచ్చిన ప్రతి అతిథికీ ఇచ్చే కాఫీ మీద మంత్రిగారి ముఖం ఉండాలి. ప్రారంభోత్సవం సరిగ్గా నెలరోజుల్లో.

ఈ భారమంతా వచ్చి కాఫీ అక్కయ్య నెత్తిన పడింది. శాఖ క్యాంటీన్‌లో ఇరవై రెండేళ్లుగా కాఫీ కలుపుతున్న మనిషి. ఎందరు మంత్రులు మారినా ఆమె కాఫీ రుచి మారలేదు. అందరూ ఆమెను అక్కయ్య అనే పిలుస్తారు, ఆమె కంటే పదేళ్లు పెద్దవాడైన కార్యదర్శితో సహా.

"నీకు బొమ్మలు వచ్చా?" అని అడిగాడు కార్యదర్శి.

"కాఫీ వచ్చండి."

"సరిపోతుంది. అర్హత ఉన్నట్టు రాసేస్తాను."

అక్కయ్య పట్టుదల గల మనిషి. చల్లటి పాలు స్టీలు జగ్గులో పోసి, ఆవిరి గొట్టం మొన పాల అంచుకు కాస్త కిందుగా పెట్టి, కాగితం చింపినట్టు చిన్న చప్పుడు వచ్చేలా నురగ ఎత్తడం నేర్చుకుంది. జగ్గు చేతికి చురుక్కుమనగానే ఆవిరి ఆపేయాలి. బల్లమీద రెండుసార్లు తట్టి బుడగలు చంపాలి. పాలు తడి రంగులా నిగనిగలాడేదాకా గిరగిరా తిప్పాలి. మూడోరోజున ఆకు వచ్చింది. అయిదోరోజున పువ్వు. పన్నెండోరోజున మంత్రిగారి ముక్కు వచ్చింది. మీసం అన్నింటికన్నా తేలిక. ఆ చోట నురగ పడకుండా కాఫీని వదిలేస్తే చాలు.

తొలి కప్పును మంత్రిగారు కళ్లజోడు పెట్టుకుని చూశారు. "నేనే" అన్నారు చాలాసేపటికి.

అయితే ఒక చిక్కు. మంత్రిగారి ప్రారంభోపన్యాసం నలభై నిమిషాలు. అంతసేపూ ముఖం కప్పులో చెక్కుచెదరకూడదు. అందుకు తగిన పాలను ఎంపిక చేయడానికి కార్యదర్శి అధ్యక్షతన ఏడుగురు సభ్యుల కమిటీ ఏర్పడింది. ఏడుగురిలో ఆరుగురు పాలు తాగరు. కనుక నిష్పక్షపాతంగా ఉంటారని వారిని తీసుకున్నారు.

మొదట అక్కయ్య తన మరిది పాలు తెచ్చింది. ఎనిమిది ఆవులున్న మనిషి. తెల్లారేసరికి క్యాన్లు బండికి కట్టుకుని వచ్చేవాడు. పన్నెండేళ్లుగా క్యాంటీన్‌కి పాలు అతనివే. ఆ నురగ వెన్నలా జారింది. ముఖం అచ్చుగుద్దినట్టు వచ్చింది. ఆరో నిమిషానికి కనుబొమలు పల్చబడ్డాయి. ఎనిమిదో నిమిషానికి మీసం గడ్డం మీదికి జారింది. పదో నిమిషానికి మంత్రిగారు అచ్చం ప్రతిపక్ష నాయకుడిలా కనపడసాగారు.

"ఇది రాజద్రోహం" అన్నాడు ఒక సభ్యుడు.

"మంచి పాల నురగ అంతేనండి. కాసేపు ఉంటుంది, పోతుంది" అంది అక్కయ్య. "ఈలోగా తాగేస్తారు కదా!"

"తాగడం మన పరిధిలో లేదమ్మా" అన్నాడు కార్యదర్శి.

గేదె పాలతో ముఖం ఉబ్బినట్టు వచ్చింది. 'సారు ఆరోగ్యంగా ఉన్నారు' అని ఫైల్లో రాశారు. వెన్న తీసిన పాలతో నురగ బాగానే లేచింది గానీ, పెద్దపెద్ద బుడగలు వచ్చి సారుకి మొటిమలు పోశాయి. ఓట్స్ పాలు పెట్టినప్పుడు మంత్రిగారే స్వయంగా వచ్చారు.

"ఓట్ల నుంచి పాలు పిండడం మన పార్టీకి కొత్తేం కాదు" అని మెచ్చుకున్నారు. అయినా ముఖం పావుగంటకే చెదిరింది. ఓట్ల మీద ఆధారపడలేమని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది.

చివరగా మంత్రిగారి బావమరిది డెయిరీ పాలు వచ్చాయి. వాటికి ఆవిరి పట్టే శ్రమ కూడా లేకపోయింది. జగ్గును కాస్త కుదిపేసరికి నురగ అంచులు దాటి పొంగింది. అక్కయ్య ముఖం గీసింది. కమిటీ భోజనానికి వెళ్లింది. తిని, కునుకు తీసి వచ్చేసరికి మంత్రిగారు కప్పులో అలాగే నవ్వుతున్నారు.

కార్యదర్శి కళ్లు చెమర్చాయి. "నిలకడ అంటే ఇది" అన్నాడు.

ఆ సాయంత్రమే బావమరిది డెయిరీకి శాఖ కాంట్రాక్టు ఇచ్చారు. ఇంత నిలకడ గల పాలు పిల్లలకు అందకపోతే అన్యాయమని, వచ్చే సోమవారం నుంచి హాస్టళ్లన్నింటికీ అవే ఇవ్వాలని ఉత్తర్వు కూడా వెలువడింది.

మర్నాడు మరిది గేటు దగ్గర క్యాన్లతో నిలబడిపోయాడు.

"వదినా, నా పాలకేం రోగం?"

"రోగం లేదయ్యా. నిలకడ లేదట."

"తాగితే అయిపోతాయి వదినా. ఎలా నిలుస్తాయి?"

అక్కయ్య క్యాన్లు బండికి కట్టడంలో సాయం చేసి లోపలికి వచ్చింది.

ప్రారంభోత్సవం వైభవంగా జరిగింది. రెండు వందల కప్పుల్లో రెండు వందల మంది మంత్రులు నవ్వారు. ఉపన్యాసం నలభై కాదు, యాభై అయిదు నిమిషాలు సాగింది. ఒక్క మీసం జారలేదు. మంత్రిగారి ముఖాన్ని పెదవులతో తాకడం మర్యాద కాదని ఎవరో అనడంతో అతిథులెవరూ తాగలేదు. కప్పులన్నీ నిండుగానే క్యాంటీన్‌కి తిరిగి వచ్చాయి.

అక్కయ్య వాటిని ఒక్కొక్కటిగా తొట్టిలో ఒంపింది. తోమేందుకు పీచు అందుకోబోయి ఆగింది. కప్పులు తళతళలాడుతున్నాయి. ఒట్టి నీళ్లు పోస్తే చాలు, జిడ్డనేది లేదు. ఇరవై రెండేళ్లుగా తొట్టికి పట్టిన కాఫీ మరక కూడా పోయి అడుగున తెల్లటి రాయి బయటపడింది. ఆ రాయి రంగేమిటో అక్కయ్య అప్పుడే మొదటిసారి చూసింది. తన వేళ్లు వాసన చూసుకుంది. ఎల్లుండే సోమవారం.

అప్పటికప్పుడు కాగితం తీసి రాసింది: 'అయ్యా, కొత్త పాలు పోస్తే గిన్నెలు వాటంతటవే శుభ్రమవుతున్నాయి. తొట్టి మరక కూడా పోయింది. ఇవి పిల్లల కడుపులోకి వెళ్లకముందే దయచేసి పరీక్ష చేయించండి.' ఆమె ఉద్యోగంలో రాసిన మొదటి ఫిర్యాదు అది. ఊడితే ఊడనీ అనుకుని, కార్యదర్శి చేతికే ఇచ్చింది.

ఆయన రెండుసార్లు చదివాడు. "చాలా ముఖ్యమైన విషయం. ఇప్పుడే పైకి పంపుతాను" అన్నాడు. అక్కయ్య ఆ పూట తృప్తిగా ఇంటికి వెళ్లింది.

ఆదివారం ఉదయం మంత్రిగారు మళ్లీ విలేకరుల ముందుకు వచ్చారు. క్షేత్రస్థాయి సిబ్బంది పరిశీలనలో కొత్త పాలకు అదనపు ప్రయోజనం బయటపడిందనీ, పథకం రెండో దశను వెంటనే మొదలుపెడుతున్నామనీ ప్రకటించారు. ఇకపై హాస్టల్ పిల్లలు పాలు తాగిన గ్లాసులు కడుక్కోవాల్సిన పనే లేదు. ఆ మిగిలిన సమయాన్ని చదువుకు వినియోగించుకోవచ్చు. దీని పేరు 'పోషణ, పరిశుభ్రత'.

మధ్యాహ్నానికి మంత్రిగారి పీఏ పటం కట్టిన ప్రశంసాపత్రం పట్టుకుని క్యాంటీన్‌కి వచ్చాడు.

"అక్కయ్యా, సారు మిమ్మల్ని మరీమరీ మెచ్చుకున్నారు. ఫొటోకి నిలబడండి."

అక్కయ్య ఆ పటాన్ని చేత్తో కూడా తాకలేదు.

"నేను రాసింది సారు చదివారా?"

"అక్షరం అక్షరం చదివారు."

"అర్థమైందా?"

"అర్థం కాకపోవడమేంటి! సరే, సారు లోపల ఎదురుచూస్తున్నారు. ఒక కాఫీ ఇవ్వండి. పాలు లేకుండా."

"పాలు లేకుండానా? సారు ఎప్పటి నుంచి అలా తాగుతున్నారు?"

"మీ ఫిర్యాదు చదివినప్పటి నుంచి."